అమెరికా అధ్యక్షుల మీద క్విజ్ పెడుతున్నారా? ముందు ఈ లెక్కలు సరిచూసుకోండి

మన గోదావరి జిల్లాల్లో ఊరికి పదిళ్ళ పిల్లలైనా అమెరికాలో ఉన్నారు. 2024 ఎన్నికల్లో తణుకు దగ్గరి వడ్లూరు, ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరిగా వార్తల్లోకెక్కాక ఆసక్తి ఇంకా పెరిగింది. కాలేజీ క్విజ్ అయినా, సంక్రాంతికి ఊళ్ళో కుర్రాళ్ళు పెట్టే పోటీ అయినా అమెరికా అధ్యక్షుల మీద ఒక రౌండు పెట్టాలనిపించడం సహజం. పెట్టండి, చాలా మంచి సబ్జెక్టు. కాకపోతే స్టేజి మీద వాదనలు లేచేది కూడా ఈ రౌండులోనే. ఏది లెక్కపెట్టాలో ప్రశ్నలో చెప్పకపోతే ఒకే ప్రశ్నకి రెండు సరైన జవాబులు వస్తాయి.

అన్నిటికన్నా తేలికగా కనిపించేది తీసుకోండి. ఇప్పటిదాకా ఎంతమంది అధ్యక్షులు? ట్రంప్ 47వ అధ్యక్షుడు కాబట్టి 47 అని రాసేస్తారు. మనుషుల్ని లెక్కపెడితే 45 మందే. గ్రోవర్ క్లీవ్‌లాండ్ 22, 24 నంబర్లు రెండూ తనవే చేసుకున్నాడు, ట్రంప్‌వి 45, 47. వరసగా ఎన్నిసార్లు గెలిచినా కొత్త నంబరు రాదు, మధ్యలో ఇంకొకరు కూర్చుని వెళ్తేనే వస్తుంది. అందుకే నాలుగుసార్లు గెలిచిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ది ఒకటే నంబరు, 32.

వయసు ప్రశ్న కూడా ఇలాంటిదే. అతి చిన్న వయసులో అధ్యక్షుడైంది థియోడర్ రూజ్‌వెల్ట్, 1901లో అప్పటి అధ్యక్షుడు మెకిన్లీ హత్య తర్వాత, 42 ఏళ్ళకి. ఎన్నికల్లో గెలిచి వచ్చినవారిలో చిన్నవాడు కెనెడీ, 43 ఏళ్ళకి. ప్రశ్నలో 'ఎన్నికైన' అన్న ముక్క వదిలేస్తే రెండు టీములూ చెయ్యెత్తుతాయి, ఇద్దరిదీ న్యాయమే. పెద్ద వయసు సంగతైతే బైడెన్ 78 ఏళ్ళ 2 నెలలకి, ట్రంప్ రెండో విడత 78 ఏళ్ళ 7 నెలలకి ప్రమాణం చేశారు. పాత పుస్తకం పట్టుకుని ప్రశ్న రాస్తే జవాబు తప్పుతుంది. రెండుసార్ల పరిమితి పెట్టిన 22వ సవరణ (1951) కూడా ఆపేది ఎన్నికవడాన్నే. వేరొకరి పదవీకాలంలో రెండేళ్ళు లేదా అంతకన్నా తక్కువ పనిచేసినవాడు ఆ తర్వాత రెండుసార్లు గెలవొచ్చు. అంటే ఆ లెక్కన గరిష్ఠం పదేళ్ళు.

ఇక ఎలెక్టర్ల ఓట్ల దగ్గరికి వద్దాం. అక్కడ అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు, రాష్ట్రాల వారీగా జనం ఎలెక్టర్లని ఎన్నుకుంటే వాళ్ళు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఈ రౌండుకి ప్రాణం ఇదే.

మొత్తం 538. ప్రతినిధుల సభ (దిగువ సభ) సీట్ల లెక్కన 435, సెనేట్ (ఎగువ సభ) సీట్ల లెక్కన 100, రాజధాని వాషింగ్టన్ డీసీకి 3. గెలవాలంటే 270. ఏ రాష్ట్రానికైనా తన ప్రతినిధుల సంఖ్యకి రెండు (ఇద్దరు సెనేటర్లకి) కలిపితే దాని ఓట్లు వచ్చేస్తాయి. కాలిఫోర్నియాకి 52 మంది ప్రతినిధులు, అందుకే 54 ఓట్లు. వయోమింగ్‌కి ఒక్కరే, అందుకే 3. ఈ లెక్క పదేళ్ళకోసారి జనాభా గణన తర్వాత మారుతుంది. ఏ రాష్ట్రం గురించి అడిగినా ఏ ఎన్నికల సంగతో సంవత్సరం రాయండి.

మొత్తం కూడా ఎప్పుడూ 538 కాదు. డీసీకి ఓటు ఇచ్చిన 23వ సవరణ 1961లో వచ్చింది, 538తో జరిగిన మొదటి ఎన్నిక 1964. అంతకు ముందు 1960లో మొత్తం 537. కొత్తగా చేరిన అలాస్కా, హవాయిల కోసం ప్రతినిధుల సభని తాత్కాలికంగా 437కి పెంచారు, సెనేట్ 100, డీసీకి సున్నా. కాబట్టి కెనెడీకి కావలసింది 270 కాదు, 269. వచ్చినవి 303. ఫైనల్‌లో అడగదగ్గ ప్రశ్న ఇది.

గెలుపు ఓట్ల మీద ప్రశ్న రాసేటప్పుడు కూడిక చేసి చూడండి. కూడిక తగ్గిందంటే అక్కడ ఒక కథ ఉన్నట్టే. 2000లో బుష్ 271, గోర్ 266, కలిపితే 537. మిగిలిన ఒక్కటి డీసీ ఎలెక్టర్ ఖాళీగా వదిలేసిన ఓటు. 2016 ఇంకా తికమక. ట్రంప్‌కి 306 అని కొందరు, 304 అని కొందరు రాస్తారు, క్లింటన్‌కి 232 అని, 227 అని. రాష్ట్రాల ఫలితాలు కూడితే 306, 232 వస్తాయి. డిసెంబరులో ఎలెక్టర్లు వేసిన అసలు ఓట్లు 304, 227. టెక్సస్‌లో ఇద్దరు ట్రంప్‌కి వెయ్యకుండా వేరేవాళ్ళకి వేశారు. క్లింటన్ వైపు వాషింగ్టన్ రాష్ట్రంలో నలుగురు, హవాయిలో ఒకరు పక్కకి జరిగారు. అధికారిక సంఖ్య రెండోదే, జవాబు కాగితంలో అదే ఉండాలి.

ఇలా పార్టీ మాట దాటిన ఎలెక్టర్‌ని ఏం చేస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల ఓటు రద్దు చేసి వేరేవాళ్ళని పెడతారు, కొన్ని చోట్ల చట్టమే లేదు. అలా కట్టడి చేసే హక్కు రాష్ట్రాలకి ఉందని అక్కడి సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. మనకి అర్థం కావాలంటే మండల పరిషత్ అధ్యక్షుడి ఎన్నిక గుర్తు తెచ్చుకోండి. జనం ఎంపీటీసీలని ఎన్నుకుంటారు, వాళ్ళు చేతులెత్తి ఎంపీపీని ఎన్నుకుంటారు, విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. మన రాష్ట్రపతి ఎన్నిక దీనికి పూర్తి విరుద్ధం. రహస్య బ్యాలెట్, విప్ లేదు. 2022లో అమలాపురం ఎమ్మెల్యే ఓటు విలువ 159, ఎంపీ ఓటు విలువ 700. రెండు దేశాలనీ కలిపి ఒక ప్రశ్న కావాలంటే ఇక్కడే దొరుకుతుంది.

రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడికే ఎలెక్టర్లంతా వెళ్తారన్నది మెయిన్, నెబ్రాస్కాలకి వర్తించదు. ఆ రెండు చోట్లా రాష్ట్రం మొత్తానికి రెండు, ఒక్కో ప్రతినిధి నియోజకవర్గానికి ఒకటి. 2024లో రెండూ చీలాయి. మెయిన్‌లో ఒకటి ట్రంప్‌కి, నెబ్రాస్కాలో ఒకటి హారిస్‌కి వెళ్ళాయి. మొత్తం మీద ట్రంప్ 312, హారిస్ 226.

జనం ఓట్లలో వెనకబడి అధ్యక్షులైనవాళ్ళు ఐదుగురు: 1824లో జాన్ క్విన్సీ ఆడమ్స్, 1876లో హేస్, 1888లో బెంజమిన్ హారిసన్, 2000లో బుష్, 2016లో ట్రంప్. వీళ్ళలో ఆడమ్స్‌ని విడిగా చూడాలి. ఆయన ఎలెక్టర్ల ఓట్లలో కూడా రెండో స్థానమే, జాక్సన్‌కి 99 వస్తే ఈయనకి 84. గెలవడానికి కావలసిన 131 ఎవరికీ రాలేదు కాబట్టి విషయం ప్రతినిధుల సభకి వెళ్ళింది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు, 24 రాష్ట్రాల్లో 13 ఆడమ్స్‌కి పడ్డాయి. 'జనం ఓట్లలో ఓడి ఎలెక్టర్ల ఓట్లతో గెలిచినవారు' అని అడిగితే జవాబు నలుగురే. రేపు 269-269 వచ్చినా ఇదే పద్ధతి: 50లో 26 రాష్ట్రాలు కావాలి, డీసీకి ఓటు లేదు. ఉపాధ్యక్షుణ్ణి మాత్రం సెనేట్ ఎన్నుకుంటుంది.

చిన్నవి కొన్ని. ఏకగ్రీవంగా గెలిచింది జార్జ్ వాషింగ్టన్ ఒక్కడే, 1789లో 69, 1792లో 132. పదవిలో ఉండగా చనిపోయినవారు 8 మంది, వారిలో హత్యకి గురైనవారు 4. రాజీనామా చేసింది నిక్సన్ ఒక్కడే. ఆయన తర్వాత వచ్చిన ఫోర్డ్ అధ్యక్షుడిగా గానీ ఉపాధ్యక్షుడిగా గానీ దేశవ్యాప్త ఎన్నికల్లో గెలవలేదు. అభిశంసన (ప్రతినిధుల సభ అధ్యక్షుడి మీద అభియోగం మోపడం) ప్రశ్నలో జాగ్రత్త: ముగ్గురు మనుషులు, నాలుగు సందర్భాలు (ట్రంప్ మీద రెండు), పదవి పోయింది ఎవరికీ కాదు. నిక్సన్ ఈ జాబితాలో లేడు, సభలో ఓటింగు జరిగేలోపే తప్పుకున్నాడు.

మన వైపు ప్రశ్నలు కావాలంటే: భారత్‌కి వచ్చిన మొదటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, 1959లో. హైదరాబాద్‌కి 2000 మార్చిలో క్లింటన్, 2006 మార్చిలో బుష్ వచ్చారు. బుష్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు, మన వరి రైతులున్న సభలో ఆ ప్రశ్న బాగా పండుతుంది. పదవిలో ఉండగా రెండుసార్లు వచ్చిన మొదటివాడు ఒబామా.

పోలింగ్ నవంబరు మంగళవారమే ఎందుకన్నది ఎవరైనా అడుగుతారు. 1845 చట్టం అది. అక్కడి రైతులకి కోతలు అప్పటికి అయిపోయేవి (మనకి సార్వా కోతలు మొదలయ్యే వేళ), ఆదివారం చర్చి, బండి కట్టుకుని కౌంటీ కేంద్రానికి చేరడానికి సోమవారం. 'మొదటి సోమవారం తర్వాతి మంగళవారం' అనడానికి ఇంకో కారణం ఉంది. ఎలెక్టర్లు అప్పట్లో కలిసే డిసెంబరు మొదటి బుధవారానికి ముందు 34 రోజుల లోపలే వాళ్ళ నియామకం జరగాలని పాత చట్టం. ఉత్త మొదటి మంగళవారం అంటే కొన్నేళ్ళు ఆ గడువు దాటిపోతుంది.

ప్రమాణం సంగతి కూడా చూసుకోండి. 1933 దాకా మార్చి 4, 20వ సవరణ తర్వాత 1937 నుంచి జనవరి 20. ఆ రోజు ఆదివారమైతే విడిగా ఒకసారి, సోమవారం జనం ముందు ఇంకోసారి చేస్తారు. 2013లో ఒబామాకి అలాగే జరిగింది. 2009లో ప్రధాన న్యాయమూర్తి ఒక మాట వరస తప్పించడంతో మర్నాడు మళ్ళీ చేయించారు. అలా ఒబామావి మొత్తం నాలుగు. నాలుగుసార్లు గెలిచిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేసినవీ నాలుగే.

వచ్చే ఎన్నిక 2028 నవంబరు 7న. ఇండియానా, కెంటకీల్లో మొదటి పోలింగ్ కేంద్రాలు మూసేసరికి మనకి బుధవారం తెల్లవారుజామున 4.30, కాలిఫోర్నియా మూసేసరికి ఉదయం 9.30. ఎలెక్టర్లు ఓటేసేది డిసెంబరు 19న, కాంగ్రెస్‌లో (అక్కడి పార్లమెంటు) లెక్కింపు 2029 జనవరి 6న. ప్రమాణం జనవరి 20 మధ్యాహ్నం 12కి, మన గడియారంలో రాత్రి 10.30కి. అది శనివారం, కాబట్టి ఈసారి ఒక్కసారే.