ముందు లారీ ఎటు తిరుగుతుందో చెప్పండి

కొత్త క్లయింట్లు మొదటి మీటింగ్‌కి ఫోన్లో ఒక ఫొటో పట్టుకొస్తారు. నీలం గాజు, మధ్య మధ్యలో వెండి రంగు ప్యానెళ్లు, ముందు ఒక ఫౌంటెన్. "ఎలివేషన్ ఇలా ఉండాలండీ, వెనకాల షెడ్డు మీ ఇష్టం" అంటారు. నేను ఫొటో చూసి, బావుందని చెప్పి, సరుకు ఎటునుంచి లోపలికి వస్తుంది, ఎటునుంచి బయటికి పోతుంది అని అడుగుతాను. చాలామంది దగ్గర వెంటనే జవాబు ఉండదు. ఒకాయనైతే "అదంతా మా మేనేజర్ చూసుకుంటాడు లెండి" అన్నారు. ఆ మేనేజర్ వచ్చి కూర్చునేదాకా నేను పెన్సిల్ తీయలేదు.

ఫ్యాక్టరీలు, గోడౌన్లు, ఆఫీసు బిల్డింగులు గీయడం నా వృత్తి. ఇళ్లు గీసే స్నేహితులకి నా పనంటే కాస్త చిన్నచూపు. "నాలుగు స్తంభాలు, పైన రేకులు, అంతేగా!" అంటారు. వాళ్లకి చెప్పేది ఒక్కటే. ఇంట్లో మనిషి గోడని చూసి పక్కకి తప్పుకుంటాడు. పద్దెనిమిది మీటర్ల ట్రెయిలర్ తప్పుకోదు.

ఈ కదలిక గొడవ కొత్తదేమీ కాదు. అమెరికాలో కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్ కోసం ఆల్బర్ట్ కాన్ అనే ఆర్కిటెక్టు గీసిన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో 1910లో పని మొదలైంది. నాలుగంతస్తులు, కాంక్రీటు ఫ్రేము, గోడల నిండా కిటికీలు. కదిలే అసెంబ్లీ లైను, అంటే మనుషులు నిలబడ్డచోటే ఉంటే కారు వాళ్ల ముందు నుంచి కదిలిపోయే పద్ధతి, అందులోకి వచ్చింది 1913లో. అంటే బిల్డింగు ముందు, లైను తర్వాత. ఆ తర్వాత పక్కనే కట్టిన ఆరంతస్తుల బ్లాకుల్లో కాన్ తెలివిగా వెళ్లాడు. రెండు బ్లాకుల మధ్య గాజు కప్పు కింద క్రేన్లు పెట్టి, ముడిసరుకుని పై అంతస్తులకి ఎత్తించాడు. అక్కణ్నుంచి భాగాలు తయారవుతూ కిందికి దిగుతాయి. ఎత్తే కష్టం ఒక్కసారే, దిగడానికి వాటి బరువే చాలు.

ఇటలీలో ట్యూరిన్‌లో 1923లో తెరిచిన ఫియాట్ లింగొట్టో ఫ్యాక్టరీలో సరిగ్గా దీనికి తలకిందులు. అయిదంతస్తులు, అర కిలోమీటరు పొడవు. సరుకు నేల అంతస్తులో చేరుతుంది, కారు తయారవుతూ పైకి ఎక్కుతుంది, చివరికి డాబా మీద ఉన్న ట్రాకులో టెస్టు డ్రైవు. మత్తే ట్రుకో అనే ఇంజనీరు గీసిన ఆ డాబా ట్రాకు ఫొటోలు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ నన్ను అలాంటిది గీయమంటే గీయను. అది కట్టేనాటికే ఫోర్డూ కానూ రూజ్ నది ఒడ్డున ఒకే అంతస్తు షెడ్లకి మారిపోయారు. యంత్రం బరువు నేరుగా నేలకే పోతుంది. లైను ఎంత పొడవైనా సాగుతుంది. వెలుతురు పైకప్పులోంచి అన్ని చోట్లకీ పడుతుంది. స్థలం దొరకని సింగపూర్, హాంకాంగ్ లాంటి చోట్ల మాత్రం అంతస్తుల ఫ్యాక్టరీలు తప్పవు. అక్కడ లారీయే ర్యాంపు మీదుగా పై అంతస్తుల దాకా ఎక్కేలా గీసినవి ఉన్నాయి.

ఇక లారీ తిరగడం. సరుకు ఎక్కించి దించే అరుగుని డాక్ అంటాం. డాక్‌కి నిటారుగా రివర్స్‌లో వచ్చే ట్రెయిలర్‌కి ముందు ముప్పై అయిదు, నలభై మీటర్ల ఖాళీ కావాలి. డ్రైవరు కుడివైపు కూర్చునే దేశంలో లారీలు ఆవరణలో గడియారం ముల్లు తిరిగే దిశలో తిరగాలి. అప్పుడే రివర్స్ చేసేటప్పుడు ట్రెయిలర్ తోక అతని వైపు అద్దంలో కనపడుతుంది. ఎడమవైపు కూర్చునే దేశంలో దీనికి ఎదురు దిశ. గేటు ఏ మూల పెట్టాలన్నది దీన్ని బట్టి తేలుతుంది. గేటు తేలితే సెక్యూరిటీ రూమూ కాటా తేలతాయి. ఆఫీసు ఎటు రావాలో తేలేది అప్పుడే. ఫొటోలోని ఫౌంటెన్‌కి చోటు మిగిలితే ఆ తర్వాత చూద్దాం.

డాక్ దగ్గర ఇంకో చిన్న సంగతి. వాన నీరు పోవడానికి యార్డుకి వాలు ఇస్తారు. ఆ వాలు డాక్ వైపుకి ఉంటే లారీ వెనుక చక్రాలు పల్లంలో ఉంటాయి, పైభాగం గోడ వైపు వాలుతుంది. రబ్బరు బంపర్లు కింద ఉంటాయి కాబట్టి ముందు తగిలేది లారీ పై అంచే. డాక్ తలుపుల మీద రేకు చొట్టలు పడిన గోడౌన్లు చాలా చూశాను. అందరూ డ్రైవర్లనే తిట్టుకుంటూ ఉంటారు.

నన్ను అడిగితే గోడౌన్ అంటే ఫ్లోరే. మిగతాదంతా దానికి గొడుగు. అయినా బడ్జెట్ బిగిసినప్పుడల్లా ముందు కోత పడేది ఫ్లోరుకే, ఎందుకంటే ఫొటోలో అది కనపడదు.

కొంచెం లెక్క చెప్తాను. సన్నటి సందుల్లో తిరిగే ఎత్తయిన ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి ఉందనుకోండి. దాని ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఒక మీటరు. ఫ్లోరు ఒకవైపు 2 మిల్లీమీటర్లు పల్లంగా ఉంది. పది మీటర్ల ఎత్తులో ఉన్న ఫోర్కు దగ్గర అది 20 మిల్లీమీటర్లవుతుంది. బండి కదులుతుంటే ఊపు కూడా తోడై ఇంకా పెరుగుతుంది. అటూ ఇటూ ర్యాక్‌కి ఉన్న ఖాళీయే కొద్ది సెంటీమీటర్లు. అందుకే ఇలాంటి చోట ఫ్లోరు ఎంత చదునుగా ఉండాలో అంకెల్లో రాసి, పోశాక కొలిచి చూపించాలని కాంట్రాక్టులోనే పెట్టాలి. "నున్నగా చేస్తామండీ" అంటే సరిపోదు. నున్నన వేరు, చదును వేరు. అద్దంలా మెరిసే ఫ్లోరు మీద కూడా బండి ఊగుతుంది.

తర్వాత జాయింట్లు. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, ఎక్కడో ఒకచోట చీలి తీరుతుంది. ఆ చీలిక మనం చెప్పినచోట రావాలని మర్నాటిలోపే రంపంతో గీతలు కోస్తాం, స్లాబ్ మందంలో పావు వంతు లోతున. పైభాగం ముందుగా ఆరిపోయి, అడుగు తడిగానే ఉంటే స్లాబ్ అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. చిన్న గట్టి చక్రాల బండి ఆ అంచు మీదుగా రోజుకి వందల సార్లు వెళ్తే అంచు పెచ్చులూడుతుంది, ఆ తర్వాత చక్రం కూడా పోతుంది. అందుకని గీతల్ని వీలైనంతవరకు బండి తిరిగే సందులో కాకుండా ర్యాక్‌ల కిందకి వచ్చేలా గీయాలి. అలాగని ర్యాక్ కాలు సరిగ్గా జాయింటు అంచున కూర్చోకూడదు, అయిదారు టన్నులు అరచేయంత ప్లేటు మీద దిగుతాయి. ఇదంతా కుదరాలంటే ర్యాక్ లేఅవుట్ లేకుండా ఫ్లోరు డ్రాయింగ్ మొదలే పెట్టకూడదు. లేఅవుట్ అడిగితే "ముందు షెడ్డు లేపేయండి, ర్యాక్‌ల సంగతి తర్వాత" అంటారు. నాకు బీపీ వచ్చేది ఇక్కడే.

కాలమ్స్ వద్దనడం ఇంకో మోజు. "ఒక్క స్తంభం కూడా అడ్డు రాకూడదు" అంటారు. స్పాన్, అంటే స్తంభాల మధ్య దూరం, రెట్టింపయితే దూలం మీద పడే వంపు బలం నాలుగింతలవుతుంది, స్టీలు ఆ మేరకు పెరుగుతుంది. గోడౌన్‌లో రెండు ర్యాక్‌లు వీపు వీపు ఆనించి నిలబెడతారు. ఆ మధ్య సందులో కాలమ్ దాచేస్తే ఎవరికీ అడ్డు రాదు. ఇదికూడా ర్యాక్ లేఅవుట్ ఉంటేనే.

వెలుతురు విషయంలో పాతవాళ్లే నయం. పాత మిల్లుల మీద రంపపు పళ్లలా కనిపించే కప్పు ఉంటుంది కదా, దాని నిలువు వైపు గాజు, వాలు వైపు రేకు. ఉత్తరార్ధ గోళంలో గాజుని ఉత్తరానికి పెడతారు, దక్షిణార్ధంలో దక్షిణానికి. ఎండ నేరుగా పడదు, నీడలు గట్టిగా పడవు, నూలు దారం తెగినా కంటికి కనపడుతుంది. ఇప్పుడు దాని బదులు రేకుల మధ్య వెలుతురు దిగే పాలికార్బొనేట్ ప్లాస్టిక్ షీట్లు వేసి సరిపెడుతున్నాం. చవకే. కాకపోతే ఏళ్లు గడిచాక పసుపెక్కుతాయి, దుమ్ము పట్టాక ఏది రేకో ఏది షీటో పైనుంచి తేడా తెలియదు. శుభ్రం చేయడానికి ఎక్కిన మనిషి అడుగు వేస్తే తిన్నగా కిందకే. ప్రతి షీటు కిందా గట్టి స్టీలు మెష్ పెట్టమని నేను డ్రాయింగ్‌లో రాస్తాను. అది తీసేయమని ఎవరడిగినా ఒప్పుకోను.

ఎలివేషన్ అంటే నాకు పగేమీ లేదు. బెర్లిన్‌లో పీటర్ బెహ్రెన్స్ 1909లో ఏఈజీ అనే కరెంటు యంత్రాల కంపెనీకి గీసిన టర్బైన్ ఫ్యాక్టరీకి ముందువైపు రెండు మూలల్లో కోట బురుజుల్లాంటి కాంక్రీటు గోడలుంటాయి. నిజానికి అవి కప్పు బరువు మోయవు, ఉత్త గాంభీర్యం. ఆయన ఆఫీసులోనే పనిచేసిన వాల్టర్ గ్రోపియస్, అడాల్ఫ్ మేయర్‌తో కలిసి 1911లో ఫాగుస్ ఫ్యాక్టరీ గీసినప్పుడు మూలల్లో స్తంభమే లేకుండా రెండు గాజు గోడల్ని కలిపేశాడు. అక్కడ తయారయ్యేవి చెప్పులు కుట్టడానికి వాడే చెక్క అచ్చులు. అంత మామూలు సరుకుకి అంత అందమైన బిల్డింగు! రెండూ నాకిష్టమే, కానీ మనసు రెండోదాని వైపే మొగ్గుతుంది.

ఆఫీసు బిల్డింగుల గాజు గురించి మాత్రం రెండు ముక్కలు. పారిస్‌లో లె కార్బూజియే 1933లో పూర్తిచేసిన సితె ద రెఫ్యూజ్ ఆఫీసు కాదు, నిరాశ్రయుల వసతిగృహం, కానీ పాఠం ఒకటే. దాని ముందు గోడంతా తెరవడానికి వీల్లేని గాజు. గాలి చల్లబరిచే ఏర్పాటు ఆయన ప్లాన్‌లో ఉంది కానీ, ఖర్చని ఆపేశారు. ఎండాకాలం వచ్చేసరికి లోపల ఉడికిపోయారు. చివరికి తెరుచుకునే కిటికీలు పెట్టారు, ఇంకొన్నేళ్లకి ముందు ఎండ అడ్డుకునే పలకలు కట్టారు. లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ అనే ఆఫీసు టవర్ ముఖం లోపలికి వంగిన గాజు. 2013లో ఆ వంపు ఎండని ఒకచోటికి కూడగట్టి వీధిలో ఆగి ఉన్న కారు భాగాల్ని కరిగించింది. తర్వాత దానికీ పలకలే తగిలించారు. ఆ పలకలేవో ముందే గీస్తే పోలేదా? పడమటి గోడకి నిలువు గాజు అడిగితే నేను ముందు పెట్టే షరతు అదే.

మనుషులు బయటపడే దారి గురించి ఎవరూ ఫొటో తీసుకురారు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కుట్టు ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ ఉన్నది ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో. ఒక మెట్ల తలుపుకి తాళం వేసి ఉంది, బయటి ఇనప మెట్లు జనం బరువుకి విరిగి పడ్డాయి. ఆ బిల్డింగు అగ్నికి తట్టుకునేలా కట్టిందే, ఇప్పటికీ నిలబడి ఉంది. నేను ఏ షెడ్డుకి వెళ్లినా ఎమర్జెన్సీ తలుపు ఒకసారి తోసి చూస్తాను. తెరుచుకోకపోతే ఫర్వాలేదులే అనేవాళ్లకి ఈ సంగతి చెప్తాను.

బిల్డింగు వాడకం మారినప్పుడు ఏమవుతుందన్నది కూడా గీసేవాడు పట్టించుకోవాల్సిందే. లింగొట్టోలో కార్ల తయారీ 1982లో ఆగిపోయింది. రెంజో పియానో దాన్ని హోటలు, దుకాణాలు, సభామందిరాలుగా మార్చాడు. యంత్రాల్ని మోసిన స్లాబులకి దుకాణాలు ఓ లెక్కా? దీనికి ఎదురుగా, తేలిక వాడకానికి కట్టినదాంట్లో బరువు పని పెడితేనే ప్రాణాల మీదికొస్తుంది. బంగ్లాదేశ్‌లో రానా ప్లాజాని దుకాణాలకీ ఆఫీసులకీ అని కట్టి, పైన అనుమతి లేని అంతస్తులు వేసి, కుట్టు ఫ్యాక్టరీలు నింపి, పెద్ద జనరేటర్లు పైకెక్కించారు. 2013 ఏప్రిల్ 23న పగుళ్లు కనిపించాయి. కింది దుకాణాలూ బ్యాంకూ మూసేశారు, కుట్టుపనివాళ్లని మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. 24 ఉదయం కూలింది. 1,134 మంది పోయారు. ఆఫీసుకని లెక్క వేసిన స్లాబ్ చదరపు మీటరుకి మూడు, నాలుగు వందల కిలోలు మోస్తుంది. ఫ్యాక్టరీకి దానికి రెట్టింపో ఇంకా ఎక్కువో కావాలి, యంత్రాల అదురు అదనం. ఏ అంతస్తు ఎంత మోస్తుందో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడం నా అలవాటు. ఇంటీరియర్ వాళ్లు వచ్చి దాని మీద రంగు వేసేస్తుంటారు. మళ్లీ రాయిస్తాను.

షెడ్డు పెరగడం కూడా ఇలాంటిదే. "ఇంక పెంచమండీ, ఇదే ఆఖరు" అని ఏ క్లయింటైనా అంటే నేను సరేనని తలూపి, ఒకవైపు చివరి ఫ్రేముని మిగతా ఫ్రేముల్లాగే పూర్తి బలంతో గీస్తాను. రెండు ఫ్రేముల మధ్య భాగాన్ని బే అంటాం. మామూలుగా చివరి గోడకి సగం బే బరువే కాబట్టి సన్నటి స్టీలుతో సరిపెడతారు. అలా చేస్తే పెంచే రోజున ఆ ఫ్రేము పీకి కొత్తది నిలబెట్టాలి, అన్నాళ్లూ లోపల పని ఆగుతుంది. పూర్తి ఫ్రేము ఉంటే రేకులు విప్పి కొత్త బే తగిలించడమే. ఇంకో జాగ్రత్త ఏమిటంటే ఆ వైపు ట్రాన్స్‌ఫార్మరూ, ఫైర్ ట్యాంకూ, సెప్టిక్ ట్యాంకూ పెట్టనివ్వను. సైట్‌లో ఎలక్ట్రికల్ వాళ్లకి నచ్చేది ఎప్పుడూ ఆ ఖాళీయే, కేబులు దగ్గరవుతుందని. అందుకే సైట్ ప్లాన్‌లో అక్కడ "ఖాళీ" అని రాయను. చుక్కల గీతల్లో రాబోయే షెడ్డు గీసి, దానికి బే నంబర్లు కూడా వేసేస్తాను.