గుంత తవ్వకుండా గుంజ నిలబెట్టడానికి నేను పడ్డ పాట్లు

మాది అనంతపురంలో చిన్న టెంట్ హౌస్. నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మొన్న వినాయక చవితికి ఒక వీధి పిల్లలకు వేసిన షామియానా మూడు రోజులు పడమటి గాలికి కదలకుండా నిలబడింది. నిన్న నిమజ్జనం అయ్యాక విప్పుకొచ్చాం. ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అంటారేమో. శ్రావణంలో నా పరువు పోయిన రోజు అక్కడున్నవాళ్లు మాత్రం అలా అనరు. ఒళ్లు నొప్పులు తగ్గకముందే రాసేస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందట మా నాయనకు గడారి ఒకటుంటే చాలు. ఇంటి ముందు మట్టి వీధి. అడుగున్నర గుంత తీసి, గుంజ దించి, చుట్టూ రాళ్లు వేసి దట్టించి, తాళ్లకు గూటాలు కొడితే అయిపోయేది. ఇప్పుడు ఏ సందుకు పోయినా సిమెంటు రోడ్డు. రోడ్డు అంచు నుంచి గడప దాకా కడప బండలు. ఆటోలోంచి గడారి దించుతుంటేనే ఇంటాయన కేకేస్తాడు. ఒక బండ బీట ఇస్తే ఆ రోజు బాడుగ దానికే సరి. పెయింటు డబ్బాల్లో కాంక్రీటు పోసి గుంజ నిలబెట్టడం అందరూ చేసేదే, మేమూ చేశాం. 20 లీటర్ల డబ్బా నిండా కాంక్రీటు అంటే 48 కిలోల దాకా తూగుతుంది. అలాంటివి ఆరు ఎక్కించి దించితే పనివాళ్లు మరుసటి రోజు ఫోను ఎత్తరు. పైగా వీధి వాలుగా ఉంటే డబ్బాతోపాటు గుంజా వాలుతుంది. దాని కింద రాతి ముక్కలు దోపడం, అవి జారడం, మళ్లీ దోపడం.

అందుకే విప్పి తీసుకుపోయే ఇనుప స్టాండు చేయించాలనుకున్నాను. ఏ లావు గుంజయినా అందులో పట్టాలి, నేల వాలుగా ఉన్నా గుంజ తూకంగా, అంటే నిట్టనిలువుగా, నిలబడాలి. మా దగ్గర ఒకటింపావు ఇంచు, ఒకటిన్నర ఇంచు జీఐ పైపులున్నాయి, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు. నాయన వదులుకోలేని పాత వెదురు గడలూ ఉన్నాయి.

మొదట పైపు కొట్టు. ఒకటిన్నర ఇంచు గుంజ దూరే పైపు కావాలంటే రెండు ఇంచులది ఇచ్చారు. పైపు కొలత గురించి నాకు అప్పటిదాకా తెలియనిది ఒకటుంది. ఒకటిన్నర ఇంచు అని పేరే గానీ దాని బయటి కొలత 48.3 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 1.9 ఇంచులు. రెండు ఇంచుల పైపు లోపలి కొలత 53 మిల్లీమీటర్ల దగ్గర. మధ్యలో మిగిలే సందు ఐదు మిల్లీమీటర్ల లోపే కదా, ఒక్క బోల్టుతో బిగిస్తే పోతుందనుకున్నాను. ఇనుము ఆదా చేద్దామని ఆ పైపు నాలుగించుల పొడవే పెట్టించాను. పన్నెండు అడుగుల గుంజ అందులో నిలబెడితే పైకొస దగ్గర దగ్గర ఏడు ఇంచులు ఊగింది. వెల్డింగ్ అన్న ఏమీ అనలేదు, టీ తాగుతూ చూశాడంతే. పైపు కొనేటప్పుడు పేరు అడక్కండి, కొలిచే పరికరం పట్టుకుని పోండి.

తర్వాత 3 ఇంచుల పైపు, అడుగు పొడవు. కింద చుట్టూ మూడు బోల్టులు, పైన చుట్టూ మూడు. కింది మూడూ గుంజ పాదాన్ని మధ్యలో పట్టుకుంటాయి. పై మూడింటిలో ఒకటి వదులు చేసి ఇంకొకటి బిగిస్తే గుంజ ఎటు కావాలంటే అటు వంగుతుంది. తూకం గుండు వేలాడదీసి చూసుకుంటూ బిగిస్తే రెండు నిమిషాల పని. నట్టును పైపుకు వెల్డింగ్ చేసేటప్పుడు లోపల గ్రీజు పూసిన బోల్టు పెట్టే చేయించండి, లేకపోతే మరలో నిప్పురవ్వలు పడి బోల్టు ఎక్కదు. వెదురు పగలకుండా బోల్టు మొన కింద పాత సైకిల్ టైరు ముక్క పెట్టాను. ఇది నా సొంత బుర్ర అని వారం రోజులు మురిసిపోయాను. మా మేడ మీద అద్దెకుండే పాలిటెక్నిక్ పిల్లోడు ఫోనులో క్రిస్మస్ చెట్టు నిలబెట్టే స్టాండు చూపించాడు. అచ్చం ఇట్లాగే చుట్టూ బోల్టులు! పేటెంట్ తీసుకో అన్న మా బావమరిదికి ఆ ఫోటోనే పంపాను.

ఇక కాళ్లు. మూడు పెట్టించాను. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్లదైతే ఒక కాలు గాల్లో లేస్తుంది, మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా కుదురుగా కూర్చుంటుంది. ఇది నిజమే. మా మేస్త్రీ ముప్పై ఏళ్లుగా గుంజలు పాతుతున్న మనిషి. ఆయన మాత్రం చూడగానే, "నాలుగు పెట్టించబ్బీ" అన్నాడు. నేను ఊరుకోకుండా, "పొయ్యికి ఎన్ని రాళ్లు మామా? మూడే కదా!" అని పనివాళ్లందరి ముందూ పాఠం చెప్పాను. ఆయన బీడీ వెలిగించుకుని పక్కకు పోయాడు.

శ్రావణంలో ఒక గృహప్రవేశం. కొత్త ఇల్లు, కొత్త బండలు. గుంత తవ్వకూడదు అన్నారు ముందే. తవ్వం సార్, మా దగ్గర స్టాండ్లున్నాయని గొప్పగా చెప్పి 6,000 ఒప్పుకున్నాను. పదిహేను ముప్పై షామియానా, ఆరు స్టాండ్లు. సిమెంటులో గూటాలు దిగవు కాబట్టి తాళ్లు కిటికీ ఊచలకు, గేటుకు, కరెంటు స్తంభానికి కట్టాం. ఒకటి మిగిలితే అక్కడ నిలబెట్టిన బుల్లెట్ బండికి కట్టాం. ఎండ పడుతోందని ఇంటావిడ పడమటి పక్క పరదా కూడా కట్టించుకుంది. ఇల్లంతా తిరిగి చూసిన చుట్టాలు బయటికొచ్చి నా స్టాండ్లను తట్టి చూస్తుంటే నేను బోల్టుల సంగతి వివరిస్తున్నాను. నాయన ఒక మూల కుర్చీలో కూర్చుని తాళ్లనే చూస్తున్నాడు.

రెండో బంతి లేచి మూడో బంతికి ఆకులు వేస్తున్నారు. గాలి ఒక్కసారి తోసింది. రోడ్డు పక్కనున్న స్టాండు వాలడం నేను కళ్లారా చూశాను. ఏ కాలు వైపూ వాలలేదు, రెండు కాళ్ల మధ్యకు వాలింది. ఎవరో మోకాలు మడిచినట్టు మెల్లగా. అది పక్కదాన్ని లాగింది, అది ఇంకోదాన్ని. గుడ్డంతా పొంగి కిందికి దిగింది. లోపల నలభై మంది. అరుపులు, నవ్వులు, చిన్నపిల్లల ఏడుపు. సాంబారు గంగాళం మీద గుంజ పడింది. ఒక అవ్వ మోచేయి గీసుకుపోయింది, దేవుడి దయ, అంతకుమించి ఎవరికీ ఏం కాలేదు. నేను గుడ్డ కిందికి దూరి మనుషుల్ని బయటికి లాగుతుంటే ఇంటాయన నిలబడి, "ఏమప్పా, గుంత తవ్వొద్దంటే మమ్మల్ని పూడ్చాలని చూస్తివే?" అన్నాడు. అందరూ నవ్వారు. చొక్కా నిండా సాంబారుతో నేను కూడా నవ్వడానికి చూశాను, మొహం సహకరించలేదు. సాయంత్రానికి వీడియో వీధి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. రాత్రికి మా టెంట్ హౌస్ వాళ్ల గ్రూపులోకే వచ్చింది. కింద ఒకడు "స్టాండు సైంటిస్టు" అని పెట్టాడు. అతని కుర్చీల్లో సగానికి నాలుగో కాలు సరిగ్గా లేదు, ఆ సంగతి ఇప్పుడు చెప్పుకుంటే బాగుండదు. బాడుగ రాలేదు. అడిగే మొహం నాకూ లేదు.

తప్పు ఎక్కడుందో పది రోజులు అర్థం కాలేదు. బుల్లెట్ ఓనరు తాడు విప్పేసి పెరుగుకు పోయాడని తెలిసింది. ఇక దొరికాడురా అని రోజూ అతన్ని తిట్టుకున్నాను. కానీ ఆ బండి ఉన్నది తూర్పు మూల, మొదట పడింది పడమటి మూల స్టాండు.

చదువుకున్నవాళ్లను అడుగుదామని ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీకి స్టాండు ఆటోలో వేసుకుని పోయాను. వేప చెట్టు కింద మూడు గంటలు కూర్చోబెట్టారు. తర్వాత ఒక సారు వచ్చి మొదట అడిగింది నా క్వాలిఫికేషన్. బీకాం అన్నాను. డ్రాయింగ్ ఉందా అన్నాడు. లేదు సార్, స్టాండే ఉంది అన్నాను. డ్రాయింగ్ గీయించుకుని వస్తే మా పిల్లలు ప్రాజెక్టుగా చేస్తారు, ఖర్చు మీరు పెట్టుకోవాలి అన్నాడు. ఎదురుగా ఉన్నదాన్ని చేత్తో తాకి కూడా చూడలేదు. ఆటో బాడుగ 400 దండగ. చదువు మీద నాకు కోపం లేదు. వస్తువు కళ్ల ముందుండగా కాగితం కోసం వెతికేవాళ్ల మీదే.

తెలివి వచ్చింది మా షెడ్డులోనే. నా గొణుగుడు భరించలేక మేస్త్రీ ఒక స్టాండులో గుంజ నిలబెట్టి, పదడుగుల ఎత్తులో తాడు కట్టి నా చేతికిచ్చాడు. "కాలున్న పక్కకు లాగు." లాగాను, మొండికేసింది. "రొంత పక్కకు జరిగి, కాళ్ల నడిమికి లాగు." రెండు వేళ్లతో లాగినట్టే మీదికొచ్చేసింది. ఆయనే పట్టుకుని ఆపాడు. "పొయ్యి మీద కుండ ఎత్తు ఎంతబ్బీ? నీ గుంజ ఎత్తు ఎంత?" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నెల రోజులు దాచుకున్న మాట అది.

టేపు పెట్టి కొలిచాను. నా స్టాండు కాలు మధ్య నుంచి రెండు అడుగులు. కాలి వైపు పడాలంటే రెండడుగుల అవతల తిరగబడాలి. రెండు కాళ్ల కొసలకు దారం కట్టి మధ్య నుంచి ఆ దారం దాకా కొలిస్తే సరిగ్గా ఒక్క అడుగే. మూడు కాళ్లు సమానంగా చాపినప్పుడు ఆ దూరం ఎప్పుడూ కాలి పొడవులో సగమే అని మేడ మీది పిల్లోడు లెక్క వేసి చూపించాడు. స్టాండు, గుంజ కలిపి 30 కిలోలు. 30 కిలోలు ఒక అడుగు దగ్గర ఎంతో, 3 కిలోలు పదడుగుల ఎత్తులో అంతే. పాత సామాన్లవాళ్లు వాడే స్ప్రింగు కాటా తాడుకు తగిలించి చూస్తే నిజంగానే ముల్లు మూడు దాటకముందే కాలు లేచింది. మూడు కిలోలు! మా అమ్మ సంతకు పోతే అంతకంటే బరువు సంచి చంకన వేసుకొస్తుంది. నేను ఆ స్టాండ్ల కింద నలభై మందిని కూర్చోబెట్టాను.

మేస్త్రీ కాళ్లకు దండం పెట్టలేదు గానీ ఆ వారం ఆయన టీ డబ్బులన్నీ నేనే ఇచ్చాను.

నాలుగు కాళ్లు, ఒక్కొక్కటి రెండున్నర అడుగులు. నాలుగు పెడితే మధ్య దూరం సగం కాదు, కాలి పొడవులో 0.7 వంతు, అంటే అడుగు ముప్పావు. నాలుగో కాలు గాల్లో లేవకుండా ప్రతి కాలి కొసకూ నట్టు వెల్డింగ్ చేయించి కింద బోల్టు పెట్టాం, తిప్పితే దిగుతుంది, ఎక్కుతుంది. కాలు విప్పుకునేలా ఒక్కో బోల్టు. వెల్డింగ్, రెడ్ ఆక్సైడ్ పూత, ఇవన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి.

బరువుకు కాంక్రీటు డబ్బాలు వద్దనుకున్నాను. తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర మూలలు విరిగి పక్కన పడేసిన బండ ముక్కలుంటాయి. అడుగున్నర చదరం, ఇంచున్నర మందం ముక్క 20 కిలోల పైనే తూగుతుంది. ఒక్కో స్టాండుకు ఎదురెదురు పక్కల రెండు బండలు కాళ్ల మీద పెడతాం. మనిషి ఒక్కడే ఒక బండ ఎత్తగలడు. బండల మీద గుంజ పాతనీయని ఊర్లో ఆ బండలే గుంజ కాపలాకు పెట్టానని మా బావమరిదికి చెబితే నవ్వాడు, నాకు గర్వంగానే ఉంది. కాటా పెట్టి మళ్లీ లాగితే ముల్లు 13 దాటాక గానీ కదల్లేదు.

13తో సరిపోతుందా అంటే, పరదా కడితే సరిపోదు. గంటకు 36 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరు గుడ్డ మీద 6 కిలోల తోపు ఉంటుంది. గాలి రెండింతలై 72 అయితే తోపు నాలుగింతలు, 24 కిలోలు. పదిహేను అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు పరదా ఎనిమిది చదరపు మీటర్ల పైనే. మామూలు గాలికే 50 కిలోలు. ఆ రోజు ఇంటావిడ మాట విని కట్టింది అదే. పడమటి గాలి తిరిగే ఆషాఢం, శ్రావణం రోజుల్లో ఎవరు ఎంత బతిమాలినా, పక్కన ఎంత పెద్దమనిషి నిలబడి అడిగినా, ఆ పక్క పరదా కట్టకండి. ఎండ తగిలితే కుర్చీ జరుపుకుంటారు. తాళ్లు మానకండి, స్టాండు ఉంది కదా అని. బండికి మాత్రం తాడు కట్టకండి.

చవితికి మొదటిసారి పెట్టాం. వీధి ఒక పక్కకు బాగా వాలు, మురిక్కాలువ వైపు. కింది బోల్టులతో కాళ్లు సరిచేసి, పై బోల్టులతో గుంజ సరిచేసి, ఆరూ నిలబెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. నాయన వచ్చి ఒక్కో గుంజా ఊపి చూశాడు. ఏమీ అనలేదు. కానీ ఆటోలో గడారి కూడా వేసుకొచ్చాడని తర్వాత చూశాను. రెండో రోజు సాయంత్రం దుమ్ము లేచేంత గాలి వస్తే నేను నిద్రపోకుండా వినాయకుడి పక్కనే కూర్చున్నాను. పిల్లలు ప్రసాదం అని ఉండ్రాళ్లు పెడుతూనే ఉన్నారు.

ఈ పొద్దున "స్టాండు సైంటిస్టు" అని పెట్టినతనే ఫోన్ చేశాడు. వచ్చే వారం ఒక సిమెంటు గ్రౌండులో ఫంక్షన్ ఉందట, నాలుగు స్టాండ్లు కావాలట. స్టాండుకు రోజుకు 150, డబ్బు ముందే, బండలు వాళ్ల మనుషులే మోసుకోవాలి అని చెప్పాను.