ఒకే గడ్డకు మూడు స్కాన్లు

కుడిచేతి వేళ్లు వాటంతటవే కొట్టుకోవడం చూశాను. అంతవరకే గుర్తుంది. ఫిట్స్ వచ్చిందని తర్వాత చెప్పారు.

నాకు తెలివొచ్చేసరికి సీటీ స్కాన్ అయిపోయింది. అలాంటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది మెదడులో రక్తస్రావం ఉందా లేదా అని. అది సీటీలో నిమిషాల్లో తెలుస్తుంది. నాకు రక్తస్రావం లేదు. ఎడమవైపు పుర్రెను ఆనుకుని ఒక గడ్డ, అందులో కాల్షియం పేరుకున్న తెల్లటి చుక్కలు కనిపించాయి. ఎంఆర్‌ఐ కూడా తీయాలన్నారు. గడ్డ ఉందని తెలిసింది కదా, మళ్లీ ఇంకోటెందుకని విసుక్కున్నాను.

రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపించాక నోరు మూసుకున్నాను. సీటీలో మసగ్గా ఉన్నది, గడోలినియం అనే మందు రక్తంలోకి ఎక్కించి తీసిన ఎంఆర్‌ఐలో తెల్లగా వెలిగిపోతోంది. మెదడు పొర వెంట దానికో తోక కూడా! గడ్డ మెదడులోంచి పుట్టలేదని, పైపొరలో పుట్టి మెదడును నొక్కుతోందని, మెనింజియోమా కావచ్చని డాక్టరుగారు చెప్పింది ఆ ఫిల్ము చూసే. చుట్టూ వాపు ఎంతవరకు పాకిందో ఫ్లెయిర్ అని, వాపును స్పష్టంగా చూపే రకం ఎంఆర్‌ఐ ఫిల్ముల్లో తెలిసింది. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేలు ఉండవు, అంతా అయస్కాంతం, రేడియో తరంగాల పనే. ఆ మోత మాత్రం, చెవులు మూసినా, రేకుల షెడ్డు మీద సుత్తి దెబ్బల్లా ఉంటుంది.

టెన్షన్‌లో పెట్ స్కాన్ కూడా చేయించమని నేనే అడిగాను. మామూలు పెట్‌లో ఎక్కించేది గ్లూకోజ్ లాంటి పదార్థం, దాన్ని ఎక్కువగా వాడుకునే చోటు ఫిల్ములో వెలుగుతుంది. మెదడు ఎలాగూ గ్లూకోజ్ మీదే బతుకుతుంది కాబట్టి అంతా వెలుగుతుంది, గడ్డ అందులో కలిసిపోవచ్చు అన్నారు. అమైనో ఆమ్లాలతో చేసే పెట్ వేరే ఉందిగానీ నా కేసులో అక్కర్లేదన్నారు.

మూడోది ఫంక్షనల్ ఎంఆర్‌ఐ. గొట్టంలో పడుకుని, చెప్పినప్పుడల్లా కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా బొటనవేలికి తాకించాలి. పనిచేస్తున్న చోటికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువ వెళ్తుంది, దాన్నిబట్టి చేతిని నడిపే భాగం గడ్డకు ఎంత దగ్గరో గుర్తిస్తారు. నాది పక్కనే ఉంది. అది తెలిసిన రాత్రి నిద్రపట్టలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గ్రేడ్ 1, అంటే మెల్లగా పెరిగే, క్యాన్సర్ కాని రకం అని ఖాయంగా చెప్పింది మాత్రం ఏ స్కానూ కాదు, బయాప్సీ. వేళ్లకు పట్టు రావడానికి, చొక్కా గుండీలు నేనే పెట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు ఏటా ఒక ఎంఆర్‌ఐ. మొన్న గొట్టంలో పడుకుని, ఎవరూ అడగకుండానే వేళ్లు తాకించుకుంటున్నాను. "కదలకండి సార్" అని స్పీకర్లో కేకేశారు.