చికెన్ కడగరా మీరు? క్యాంటీన్ ఆడిట్‌లో నా అనుభవం

ఒక ఐటీ కంపెనీ క్యాంటీన్‌కి మా కర్రీ పాయింట్ నుంచి మధ్యాహ్నం కూరలు పంపే ఆర్డర్, వాళ్ల ఆడిట్ (కిచెన్ తనిఖీ) అయ్యాక, ఎట్టకేలకు నిన్న ఓకే అయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల కర్రీ పాయింట్లు పెట్టుకున్న మనవాళ్లకు ఇలాంటి ఆడిట్ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

కాగితాల పని తేలికే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు, వంటవాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు, నీళ్ల టెస్టు రిపోర్టు ఫైల్లో పెట్టి ఇస్తే అయిపోయింది. టైఫాయిడ్ టీకా చీటీలు కూడా అడుగుతారు, పారేయకండి.

కిచెన్ చూడ్డానికి వాళ్ల మనిషి వచ్చిన రోజే అసలు గొడవ. ఆయనా తెలుగాయనే. మా అమ్మాయి చికెన్ కవరు విప్పి ముక్కలు నేరుగా మసాలాలో వేస్తుంటే, "ఏంటమ్మా, కడగరా? ఛీ!" అని గట్టిగా అరిచాడు. పార్సిల్ కోసం నిలబడ్డ ఒకాయన అది విని, "నాకు చికెన్ వద్దులెండి, పప్పు కట్టండి" అన్నాడు. నా షాపులో, నా కస్టమర్ ముందు!

ఓపిగ్గా చెప్పాను. పచ్చి చికెన్ మీద సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ లాంటి బాక్టీరియా ఉండొచ్చు. నీళ్లు పోస్తే అవి పోవు సరికదా, తుంపరలతో సింకు, గట్టు, పక్కనున్న కొత్తిమీర దాకా పాకుతాయి. ముక్క మీదున్నవి సరిగ్గా ఉడికితే చస్తాయి. కొత్తిమీర మీద పడ్డవి పచ్చిగానే ప్లేట్లోకి వెళ్తాయి. "మా ఇంట్లో ఉప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడుగుతాం" అని ఆయన జవాబు. పసుపుకి సాల్మొనెల్లా భయపడుతుందా?

ఫ్రిజ్ తెరిచి చూడనే లేదు. పచ్చి చికెన్ మూత డబ్బాలో కింది అరలో, పెరుగు పైన. మాంసానికి ఎర్ర బోర్డు, కూరగాయలకు పచ్చ బోర్డు. అవేవీ ఆయనకు ఆనలేదు, తలకి టోపీలు మాత్రం లెక్కపెట్టుకున్నాడు. పైగా ఆయన సిఫారసు చేసిన చికెన్ షాపుకి వెళ్లి చూశాను. పొద్దున్నుంచీ అదే చెక్క మొద్దు, అదే కత్తి, తుడిచేదీ అదే గుడ్డ. అక్కడ మాత్రం ఛీ అనిపించలేదు కాబోలు.

ఇలాంటివాళ్లతో నోటితో వాదించకండి, మెయిల్ పెట్టండి. క్యాటరింగ్ తనిఖీకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లదే ఒక చెక్‌లిస్ట్ ఉంది. నాన్‌వెజ్ లోపల 75 డిగ్రీలకు చేరి 15 సెకన్లు ఉంటే చాలని అందులో ఉంది. ఆ పేజీ జతచేసి మళ్లీ చూడమని అడిగాను.

ఈసారి ఒక మేడమ్ వచ్చారు. మాట్లాడకుండా పెద్ద లెగ్ పీసులో, ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చారు. 82. మిగిలిన కూర ఏం చేస్తారని అడిగితే, గిన్నెతో వదిలేయకుండా లోతు తక్కువ ట్రేల్లో పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతామని చూపించాను. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉందా అని కూడా చూసుకున్నారు. తెలిసిన మనిషికి చూపించడం ఎంత హాయో!

థర్మామీటర్ లేకపోతే ఈవేళే కొనండి. నా వంట తిని కడుపు పట్టుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు, ఆ మాట ఎవరితోనైనా అంటాను.

అగ్రిమెంట్ కాగితంలో మాత్రం "మూడుసార్లు కడిగిన చికెన్" అని ఒక లైను వచ్చింది. ఎవరు రాయించారో తెలిసిందే. దాన్ని కొట్టించాకే సంతకం పెట్టాను.