అరువు నరంతో మోచెయ్యి వంచడం నేర్చుకున్నాను

2023 జనవరి 19వ తేదీ సాయంత్రం హైదరాబాద్‌లో హబ్సిగూడ నుంచి తార్నాక వైపు స్కూటీ మీద వస్తూ, అడ్డం దూకిన కుక్కను తప్పించబోయి డివైడర్‌ను గుద్దుకుని పడ్డాను. హెల్మెట్ పెట్టుకోవడం వల్ల తల దక్కింది గానీ, తల ఎడమ పక్కకు వాలిపోయి కుడి భుజం రోడ్డుకు కొట్టుకున్న ఆ క్షణంలో మెడ మొదట్లో తాడు పుటుక్కున తెగినట్టు అనిపించింది. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఇంటికి దగ్గరలో ఉన్న ఒక నర్సింగ్ హోంలో ఎక్స్‌రే తీసి, కాలర్ ఎముక విరిగిందన్నారు, స్లింగ్ కట్టి పంపారు. చెయ్యి లేవడం లేదంటే నొప్పి తగ్గాక అదే లేస్తుందన్నారు. ఆరు వారాలకు ఎముక అతికింది, చెయ్యి మాత్రం లేవలేదు. ఇంకో రెండు నెలలు చూద్దామన్నారు. ఆ రెండు నెలల్లో దేన్ని చూడాలో, ఏమీ కనబడకపోతే ఎక్కడికి వెళ్లాలో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. నరం అనే మాట ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

నా చెయ్యి పూర్తిగా పడిపోలేదు, నన్ను ఏమార్చింది కూడా అదే. వేళ్లన్నీ ఆడుతున్నాయి, పిడికిలి బిగుస్తోంది, పెన్ను పట్టుకోగలుగుతున్నాను. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి బల్ల మీద పెడితే చక్కగా రాస్తుంది, పెట్టకపోతే తొడ పక్కన వేలాడుతూ ఉంటుంది. నేను లెక్కల టీచరును. జవాబు పత్రాలు దిద్దగలిగాను గానీ, వేళ్ల మధ్య సుద్దముక్క ఉండి కూడా దాన్ని బోర్డు దాకా తీసుకువెళ్లే దారి నాకు లేకపోయింది.

మార్చి 22న ఉగాదికి తిరుమలగిరిలోని మా మేనమామ ఇంటికి వెళ్లాము. ఆయన సైన్యంలో సుబేదారుగా పనిచేసి రిటైరయ్యారు. 1971 యుద్ధంలో ఫిరంగి గుండు పెంకు ఒకటి ఆయన జబ్బలో దిగి, మణికట్టు పైకెత్తే నరాన్ని దెబ్బతీసింది. నేను ఉగాది పచ్చడి గిన్నెను ఎడమ చేత్తో నోటికి అందుకోవడం చూసి, ఆయన నా కుడి చేతి కండను వేళ్లతో నొక్కి చూశారు. రెండు నెలల్లోనే ఆ కండ సగానికి సగం కరిగిపోయి, జాకెట్టు చెయ్యి వదులైంది. "ఎముక విరిగితే నొస్తది బిడ్డా, అతికినంక గూడ లేవకుంటెట్లుంటది? ఇది నరం పని. ఏ తారీకు నాడు పడ్డవో అది రాసి పెట్టు, రోజులు లెక్కవెట్టు" అన్నారు.

తన చేతి సంగతి ఆయన నాకు వివరంగా చెప్పింది ఆ రోజే. తూటా, పెంకు దెబ్బల్లో నరం తెగకుండా అదిరి, నలిగి ఊరుకునే అవకాశం ఉంటుంది కాబట్టి సైనిక ఆసుపత్రిలో కొన్ని నెలలు ఆగి చూశారట. ఆగిన ఆ నెలల్లో పదిహేను రోజులకోసారి గుండుసూదితో గుచ్చి, స్పర్శ ఎక్కడిదాకా తెలుస్తోందో చర్మం మీద ఇంకుతో గీత గీసేవారట. గీత కదలకపోయేసరికి పుణెలో ఆపరేషన్ చేసి, ముంజేతిని తిప్పే కండరం స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడును, మణికట్టు పైకెత్తే స్నాయువుకు కలిపి కుట్టారు. ఇప్పటికీ ఆయన ఆ చేత్తోనే టీ గ్లాసు ఎత్తుతారు. మా నర్సింగ్ హోం వాళ్లూ ఆగమన్నారు, ఆయన డాక్టర్లూ ఆగమన్నారు, కానీ ఆయనకు ఒంటి మీద గీత ఉంది, నాకు లేదు.

వారం తిరక్కుండా నగరంలోని ఒక పెద్దాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్‌ను కలిశాను. ప్లాస్టిక్ సర్జరీ అంటే ముఖానికి మెరుగులు దిద్దడమనే నేనూ అనుకునేదాన్ని, అందుకే ఆ గది బయట కూర్చున్నప్పుడు ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని బిడియపడ్డాను. డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మెడ ఎముకల మధ్య నుంచి చేతికి ఐదు నరాల మూలాలు దిగి, కాలర్ ఎముక వెనకాల అల్లుకుని, మళ్లీ విడిపోతాయి, దాన్నే బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. పై రెండు మూలాలు భుజం ఎత్తడానికీ మోచెయ్యి వంచడానికీ, కింది మూలాలు వేళ్లకూ పనికొస్తాయి. నాకు పోయినవి పైవి.

నరం గాయాలు మూడు తరగతులని, రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడినవాళ్లను చూసిన సెడన్ అనే ఇంగ్లీషు సర్జన్ 1943లో వాటిని విడదీశాడని ఆయన చెప్పారు. మొదటి దానిలో నరం స్పృహ తప్పినట్టు అవుతుంది, కొన్ని వారాల్లో లేస్తుంది. రెండో దానిలో లోపలి పోగులు తెగినా పై తొడుగు నిలుస్తుంది కాబట్టి పోగులు అదే దారిలో మళ్లీ పెరుగుతాయి. మూడో దానిలో మొత్తం తెగిపోతుంది, చెయ్యి పెట్టి కలపకపోతే రాదు. వీటన్నిటికన్నా చెడ్డది, మూలం వెన్నుపాము నుంచే ఊడి రావడం. ఊడిన దాన్ని మళ్లీ అక్కడ నాటి, పని చేయించడం మామూలుగా కుదరదు. కండరాల్లో సన్నటి సూదులు గుచ్చి చేసే ఈఎంజీ పరీక్షలోనూ, ఎంఆర్ఐలోనూ తేలింది ఏమిటంటే, మెడ నరాల వరసలో చూస్తే నాకు ఐదో మూలం తెగింది, ఆరోది ఊడి వచ్చింది (చేతికి దిగే ఐదింటిలో పై రెండూ ఇవే), ఊడినది ఉండాల్సిన చోట చిన్న నీటి తిత్తి మాత్రం ఉంది.

ఆ తర్వాత ఆయన చెప్పిన లెక్క నా తలకు వెంటనే ఎక్కింది. కలిపిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే నెలకు అంగుళం పైచిలుకు. మెడ దగ్గర కలిపితే మోచెయ్యి వంచే బైసెప్స్ కండరం దాకా 20 సెంటీమీటర్లకు పైగా ప్రయాణం, అంటే 200 రోజులకు పైమాటే. నరం అందని కండరమేమో ఏడాది, ఏడాదిన్నర దాటితే తిరిగి లేవకుండా పీచులా మారిపోతుంది. నేను అప్పటికే 70 రోజులు పోగొట్టుకున్నాను. అందుకని మెడ జోలికి పోకుండా, కండరానికి అతి దగ్గరగా ఉన్న మంచి నరంలోంచి ఒక పాయను అరువు తీసుకుని కలుపుతారు. చిటికెన వేలి వైపు పోయే అల్నార్ నరంలో ఒక పాయను బైసెప్స్‌కు వెళ్లే కొమ్మకు కలిపే ఈ పద్ధతిని ఫ్రాన్స్‌కు చెందిన ఓబెర్లాన్ 1994లో ప్రకటించాడు. కలిపే చోటు నుంచి కండరానికి కొన్ని సెంటీమీటర్లే దూరం. భుజం కోసం మెడ పక్కన భుజాలెగరేసే నరం కొసను ఒకటి, మోచెయ్యి చాచే కండరానికి వెళ్లే కొమ్మను ఒకటి, ఇలా మొత్తం మూడు అరువులు.

మే 17న ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. కండరాలను సడలించే మందు ఆ పని జరిగేటప్పుడు ఒంట్లో ఉండకూడదని మత్తు డాక్టరు ముందే చెప్పారు, ఎందుకంటే నరంలోని ఒక్కొక్క పాయను సన్నటి కరెంటుతో తాకి, ఏది ముట్టుకుంటే వేళ్లు కదులుతున్నాయో దాన్ని వదిలేసి, మణికట్టు వంచే పాయను ఎంచుకోవాలి. మైక్రోస్కోపు కింద వాడిన దారం మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు దగ్గర. తర్వాత ఒక రోజు డాక్టరు గారు ఆ దారం మిగులు ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి చూపించారు. కళ్లద్దాలు పెట్టుకున్నా నాకు కాగితం ఒక్కటే కనిపించింది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అప్పుడు సాలీడు పోగులా మెరిసింది.

చెయ్యిని ఛాతీకి కట్టేసి మూడు వారాలు ఉంచారు. వార్డులో పక్క మంచం మీద బాలానగర్‌లో లేత్ పనిచేసే కుర్రవాడు ఉండేవాడు. యంత్రంలో పడి ఎముక బయటపడిన అతని కాలి మీద, తొడ నుంచి చర్మాన్నీ రక్తనాళాన్నీ కలిపి పూర్తిగా కోసి తెచ్చి అతికించారు. గంటకోసారి నర్సు వచ్చి ఆ అతుకు రంగు చూసి, వేడి చూసి, వేలితో నొక్కి వదిలేది. నీలం తిరిగితే రాత్రి రెండింటికైనా మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సిందే. ఒక చోటి చర్మంతో ఇంకో చోటును బాగుచేయడం కొత్తేమీ కాదు, నుదుటి చర్మాన్ని మలిచి ముక్కు కట్టడం మన దేశంలో పాత విద్య. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలుతూ టిప్పుకు చిక్కి ముక్కు పోగొట్టుకున్న కావస్‌జీకి పుణె ప్రాంతంలో అలా ముక్కు కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చూసి కార్ప్యూ అనే సర్జన్ 1814లో అక్కడ చేశాడు. అయితే ఆ నుదుటి చర్మం రక్తనాళం తెగకుండా తన చోటికి అంటుకునే ఉండేది, ఈ కుర్రవాడి తొడ ముక్కకు మాత్రం రక్తనాళాన్ని తెంచి మళ్లీ కుట్టారు.

రాత్రుళ్లు మాత్రం నరకం. లేని మూలం నుంచి బొటనవేలి దాకా నిప్పులు పోసినట్టు మంట, నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్ మాత్రలు వేసుకున్నా తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చోబెట్టేది. తడి తువ్వాలు చుట్టుకుంటే కాస్త ఊరట. నాకే తోచిన ఉపాయం అనుకున్నాను గానీ, 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో నరాలకు తూటా తగిలిన సైనికులు అచ్చం ఇలాగే తడిగుడ్డలు చుట్టుకుని తిరిగేవారని వీర్ మిచెల్ అనే వైద్యుడు రాసిపెట్టాడట. డాక్టరు గారు ఆ సంగతి చెప్పినప్పుడు మంట తగ్గలేదు, అయితే ఇది నా పిచ్చి కాదని తెలిసింది.

ఫిజియోథెరపీకి తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేదాన్ని. జులైలో ఒక రోజు అక్కడి అమ్మాయి కుట్టు వేసిన చోటు నుంచి కిందికి వేలితో తట్టుతూ వస్తే, ఒక చోట చిటికెన వేలిలో చీమలు పాకినట్టు జివ్వుమంది. బైసెప్స్ కోసం పెరుగుతున్న పోగు అక్కడిదాకా వచ్చిందట. పోగు అల్నార్ నరంలోంచి వచ్చింది కాబట్టి కబురు చిటికెన వేలికి పోతోంది. ఈ గుర్తును 1915లో ఫ్రాన్స్ సైనికులను చూస్తూ టినెల్ అనే వైద్యుడు, జర్మనీ వైపు హాఫ్‌మన్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ప్రకటించారు. టినెల్ దానికి పెట్టిన పేరే చీమల పాకుడు అని అర్థమొచ్చేది. రెండు వారాలకోసారి తట్టించుకుని, చీమలు పాకిన చోట మా మామయ్య పద్ధతిలో పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేసుకునేదాన్ని. మొదటి గీతకూ రెండో గీతకూ మధ్య స్కేలు పెడితే 14 మిల్లీమీటర్లు వచ్చింది. క్లాసులో చెప్పే లెక్క ఒంటి మీద సరిపోవడం అదే మొదటిసారి.

సెప్టెంబరు 11న, "మేడమ్, మోచెయ్యి గురించి ఆలోచించకండి, పిడికిలి గట్టిగా బిగించి మణికట్టు లోపలికి వంచండి" అంది ఆ అమ్మాయి. బిగించాను. జబ్బ మీద చర్మం కింద చేప పిల్ల కదిలినట్టు ఒక చిన్న అలికిడి. అమ్మాయి నా ఎడమ చేతి వేళ్లను తీసుకుని అక్కడ పెట్టింది. మళ్లీ బిగిస్తే మళ్లీ కదిలింది. మెదడుకు మాత్రం అది ఇంకా మణికట్టు నరమే, అందుకని పిడికిలి బిగించమన్న ఆజ్ఞతోనే మోచెయ్యి వంగాలి. ఆ తర్వాత నెలల తరబడి గోడకు ఆనుకుని ఒక పిడికిలికి ఒక వంపు చొప్పున రోజుకు రెండు వందలు చేశాను. డిసెంబరు నాటికి చెయ్యి తనంతట తాను టీ గ్లాసుతో నోటి దాకా వచ్చింది. పిడికిలి బిగించకుండా వంచడం 2024 వేసవికి గానీ పట్టుబడలేదు. ఇప్పటికీ మెట్రోలో కడ్డీని గట్టిగా పట్టుకుంటే మోచెయ్యి కాస్త ముడుచుకుంటుంది, పక్కవాళ్లు చోటు కోసం తోశాననుకుంటారు.

భుజం అంతగా రాలేదు. 70 డిగ్రీల దగ్గర ఆగిపోయింది, జడ వేసుకోవడానికి మా అమ్మాయి సాయం కావాలి. బడిలో బోర్డు కింది సగం నేను నింపుతాను. పైన నాకు అందని చోట ఆ రోజు తేదీ ఎవరు రాయాలా అని ఆరో తరగతి పిల్లలు వంతులు వేసుకున్నారు.