కూలింగ్ టవర్ లెక్కలో ముందు పొడిగాలిని పట్టుకోండి

ఈ లెక్క ఒకసారి చేసి చూడండి. సెకనుకు 100 కేజీల వేడినీళ్లు 40 డిగ్రీల దగ్గర కూలింగ్ టవర్ పైకి వస్తున్నాయి, ఫిల్ (నీటిని పలచగా పరిచే లోపలి పలకలు) మీదుగా జారి 28 డిగ్రీలకు చల్లబడి కింద బేసిన్‌లో పడుతున్నాయి. బయటి గాలి 30 డిగ్రీలు, అందులో తేమ 50 శాతం. పైన ఫ్యాన్ లాగి వదిలే గాలి 36 డిగ్రీలు, ఇంక చుక్క కూడా పట్టనంత తడిగాలి, అంటే 100 శాతం తేమ. పీడనం 101.325 కిలోపాస్కల్. గాలి ఎంత కావాలి, నీళ్లు ఎంత ఆవిరైపోతాయి? గాలి సెకనుకు 70 కేజీలని వస్తే చదువుకునే రోజుల్లో నేను చేసిన తప్పే మీరూ చేశారు. 830 అని వస్తే అది ఇంకో రకం తప్పు, దాని సంగతీ చెబుతాను.

ఈ లెక్కల్లో చాలామంది ఫార్ములా దగ్గర తడబడరు. వచ్చిన ద్రవ్యరాశి, పోయిన ద్రవ్యరాశి సమానం, వచ్చిన శక్తి, పోయిన శక్తి సమానం, ఇంతే కదా. తడబడేది దేన్ని ఆధారంగా పట్టుకోవాలన్న దగ్గర. టవర్ లోపల అన్నీ మారుతూనే ఉంటాయి. నీళ్లు తగ్గుతాయి, గాలి బరువెక్కుతుంది, రెండింటి ఉష్ణోగ్రతలూ మారతాయి. మారనిది ఒక్కటే, పొడిగాలి. తడిబట్టని ఎన్నిసార్లు తూచినా బరువు మారుతూనే ఉంటుంది గానీ లోపలి బట్ట అంతే కదా, ఇదీ అలాంటిదే. అందుకే సైక్రోమెట్రిక్ చార్ట్‌లో, అంటే తడిగాలి గుణాల పటంలో, తేమ అయినా, ఎంథాల్పీ (అందులో ఉన్న వేడి లెక్క) అయినా, 'కేజీ పొడిగాలికి ఇంత' అనే ఇస్తారు. ఆ చిన్న మాటని చదవకుండా దాటేసి, మొత్తం గాలి బరువుతో గుణించేవాళ్లని ఎంతమందినో చూశాను.

సరే, లెక్కలోకి వద్దాం. 30 డిగ్రీల దగ్గర సంతృప్త ఆవిరి పీడనం 4.247 కిలోపాస్కల్, అందులో సగం 2.124. దాన్ని 0.622తో (నీటి, పొడిగాలి అణుభారాల నిష్పత్తి) గుణించి, మొత్తం పీడనంలోంచి ఆవిరి పీడనం తీసేయగా మిగిలిన 99.2తో భాగిస్తే 0.0133. అంటే కేజీ పొడిగాలి వెంట 13.3 గ్రాముల ఆవిరి లోపలికి వస్తోంది. 36 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం 5.947, అదే పద్ధతిలో చేస్తే 0.0388. అదే కేజీ పొడిగాలి బయటికి పోయేటప్పుడు 38.8 గ్రాములు మోసుకుపోతోంది. తేడా 25.5 గ్రాములు. ఎంథాల్పీలు చూస్తే లోపలికి వచ్చే గాలికి 64.2, బయటికి పోయేదానికి 135.7 కిలోజౌళ్లు, తేడా 71.5.

ఇక నీళ్లు. స్టీమ్ టేబుల్స్‌లో (నీటి, ఆవిరి గుణాల పట్టికలు) 40 డిగ్రీల నీటి ఎంథాల్పీ కేజీకి 167.5 కిలోజౌళ్లు, 28 డిగ్రీల నీటికి 117.4. తేడా 50.16, సెకనుకు 100 కేజీలు కాబట్టి 5016 కిలోవాట్లు.

ఇక్కడే నేను బోర్లా పడ్డాను. 5016ని 71.5తో భాగించేసి 70.1 అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను, అంత నమ్మకం. తప్పేంటంటే, లోపలికి 100 కేజీలు వచ్చాయి, కిందికి కూడా 100 కేజీలే దిగాయని అనుకున్నాను. మరి గాలి మోసుకుపోయిన నీళ్లు ఎక్కడివి? ఆవిరైనది కిందికి దిగదు కదా. ఒక్కో కేజీ పొడిగాలి తీసుకుపోయిన 0.0255 కేజీల నీళ్లు 28 డిగ్రీల దగ్గర బయటికి రాలేదు, కాబట్టి ఆ నీళ్ల ఎంథాల్పీ, అంటే 0.0255 × 117.4, దాదాపు 2.99, ఆ 71.5లోంచి తీసేయాలి. అప్పుడు 5016ని 68.53తో భాగించాలి, పొడిగాలి సెకనుకు 73.2 కేజీలు వస్తుంది. ఆవిరయ్యే నీళ్లు 73.2 × 0.0255, దాదాపు 1.86 కేజీలు.

'ఆవిరయ్యేది రెండు శాతం కూడా లేదు, వదిలేస్తే పోలా' అని అప్పట్లో నేనే వాదించాను. కానీ చూడండి, రెండు శాతం కూడా లేనిదాన్ని వదిలేస్తే గాలి లెక్కలో నాలుగు శాతం పైనే తేడా వచ్చింది. ఫ్యాన్ ఎంచుకునేవాడికి అది పెద్ద తేడా కాకపోవచ్చు, సేఫ్టీ మార్జిన్‌లో కలిసిపోతుంది. పరీక్షలో మాత్రం కలవదు. (ఫ్యాన్ కోసమే అయితే 73.2ని 0.877తో గుణించండి, లోపలికి వచ్చే గాలి సెకనుకు 64 క్యూబిక్ మీటర్లు.)

830 సంగతి. గాలి 30 నుంచి 36కి వేడెక్కింది, విశిష్టోష్ణం 1.005, కాబట్టి కేజీకి 6.03 కిలోజౌళ్లు అనుకుని 5016ని దానితో భాగిస్తే 830 దాటుతుంది. ఈ తప్పు చేసినవాళ్లని తిట్టాలనిపించదు నాకు, ఎందుకంటే అందులోనే టవర్ మర్మం దొరుకుతుంది. గాలి వేడెక్కడం వల్ల పోయే వేడి మొత్తంలో పదో వంతు కూడా లేదు. మిగతాదంతా ఆవిరి రూపంలోనే పోతోంది. అందుకే బయటి గాలి 38 డిగ్రీలున్నా, తేమ తక్కువగా ఉంటే నీళ్లు 30కి దిగుతాయి. నీళ్లకు హద్దు పెట్టేది గాలి ఉష్ణోగ్రత కాదు, వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ గాలిలో చూపించేది. మన లెక్కలో అది దాదాపు 22, నీళ్లు 28కి దిగాయి, అంటే ఆ రెండింటి తేడా, అప్రోచ్ అంటారు, 6 డిగ్రీలు. లెక్క పూర్తయ్యాక దిగే నీళ్లు వెట్ బల్బ్ కంటే చల్లగా ఉన్నాయని వస్తే ఇంకేం వెతక్కండి, ఎక్కడో తప్పింది.

ఇంకో చిన్న అనుమానం అందరికీ వస్తుంది. గాలి ఎంథాల్పీ ఒక పట్టికలోంచి, నీళ్లది ఇంకో పట్టికలోంచి తీసుకుంటే సున్నా ఎక్కడ పెట్టారో ఏం తెలుసు అని. పొడిగాలికి సున్నా ఎక్కడ పెట్టినా పర్లేదు, వచ్చిన పొడిగాలే పోతోంది కాబట్టి కొట్టుకుపోతుంది. నీటికి మాత్రం అలా కుదరదు. అది నీరుగా వచ్చి ఆవిరిగా పోతోంది, కాబట్టి రెండింటికీ సున్నా ఒకే చోట ఉండాలి. మామూలుగా దొరికే మెట్రిక్ చార్ట్‌లూ స్టీమ్ టేబుల్సూ ద్రవరూపంలోని నీటికే, సున్నా డిగ్రీల దగ్గర పెడతాయి కాబట్టి మనం బతికిపోతున్నాం. చార్ట్ ఏ పీడనానికి గీశారో మాత్రం చూసుకోండి, ఎత్తైన చోట ఉన్న టవర్‌కి సముద్రమట్టం చార్ట్ పనికిరాదు.

లెక్క సరిపోయిందో లేదో చూడ్డానికి ప్లాంట్‌లో వాడే ఒక అడ్డదారి ఉంది: 0.00085 × 1.8 × సర్క్యులేషన్ (టవర్‌లో తిరిగే నీళ్లు) × నీటి ఉష్ణోగ్రతల తేడా. మన అంకెలు వేస్తే 1.84, మనకొచ్చింది 1.86. ఆ ఫార్ములాలో గాలి ఊసే లేదు, అయినా ఇంత దగ్గరగా రావడం మొదటిసారి చూసినప్పుడు కాస్త కోపం కూడా వచ్చింది, ఇదంతా ఎందుకు చేసినట్టు అని.

అయితే పేపర్ మీద లెక్క అయిపోయే చోట ప్లాంట్‌లో లెక్క మొదలవుతుంది. ఆవిరి స్వచ్ఛమైన నీరు, లవణాలు బేసిన్‌లోనే ఉండిపోతాయి. అవి పేరుకుపోకుండా కొంత నీటిని బ్లోడౌన్‌గా వదలాలి. ఇక్కడ పొడిగాలి పనికిరాదు, దాని బదులు క్లోరైడ్‌ని పట్టుకోవాలి. అది ఆవిరవదు, మామూలుగా ఎక్కడా పొలుసుకట్టదు. మేకప్ నీటితో, అంటే పోయినదానికి బదులు కొత్తగా నింపే నీటితో, ఎంత క్లోరైడ్ వచ్చిందో, బ్లోడౌన్‌తో అంతా పోవాలి. అలా చూస్తే బ్లోడౌన్ అంటే ఆవిరైనదాన్ని సైకిల్స్‌లోంచి (టవర్ నీళ్లలో క్లోరైడ్ మేకప్‌లో కంటే ఎన్ని రెట్లుందో ఆ అంకె) ఒకటి తీసేసిన అంకెతో భాగించడమే. మన టవర్‌లో గంటకు 6.7 క్యూబిక్ మీటర్లు ఆవిరవుతాయి. సైకిల్స్ 2 అయితే బ్లోడౌన్ 6.7, 4 అయితే 2.2, 6 అయితే 1.3, 10 అయితే 0.74. రెండు నుంచి నాలుగుకి వెళ్తే నాలుగున్నర మిగులుతుంది, ఆరు నుంచి పదికి వెళ్తే అర పైచిలుకు. పది సైకిల్స్ నడుపుతున్నామని గొప్పగా చెప్పేవాళ్లని చూస్తే నాకు లవణాలు పేరుకున్న వాళ్ల కండెన్సర్ ట్యూబులే గుర్తొస్తాయి.

నేను పనిచేసిన ఒక ప్లాంట్‌లో దాదాపు ఇదే సైజు టవర్ ఉండేది. బ్లోడౌన్ మీటర్ గంటకు 2.25 చూపించేది, అంటే సైకిల్స్ 4 దాకా రావాలి. ల్యాబ్ రిపోర్టులో మేకప్ క్లోరైడ్ 60, టవర్ నీళ్లలో 180. మూడే. నెలల తరబడి మూడే. 'మీటర్ పాడైందేమో సార్' అన్నాడు షిఫ్ట్ ఆపరేటర్, నా కంటే పదేళ్లు సీనియర్. 'మీటర్ పాడైతే క్లోరైడ్ ఎందుకు అబద్ధం చెబుతుంది అన్నా' అన్నాను గానీ నాకూ గట్టి నమ్మకం లేదు. సైకిల్స్ మూడంటే ఆవిరి కాకుండా పోతున్నది 6.7లో సగం, 3.35. మీటర్‌లో కనిపించేది 2.25. మిగతా 1.1 క్యూబిక్ మీటర్లు, నిమిషానికి 18 లీటర్లు, ఎక్కడికో పోతోంది. డ్రిఫ్ట్ (గాలితో పాటు చుక్కలుగా ఎగిరిపోయే నీళ్లు) అనుకుందామంటే, ఆ చుక్కల్ని ఆపే మంచి ఎలిమినేటర్లున్న టవర్‌లో అది సర్క్యులేషన్‌లో 0.005 శాతం లోపే, గంటకు 18 లీటర్లు. నిమిషానికి కాదు, గంటకు. మేకప్ మీటర్ చూస్తే పదికి కాస్త పైన ఉంది, 6.7, 3.35 కలిపితే సరిగ్గా అంతే. కాబట్టి నీళ్లు నిజంగానే పోతున్నాయి.

పంపు గ్లాండ్లు చూశాం, పొడిగానే ఉన్నాయి. చివరికి డ్రెయిన్ మీది రేకు మూత ఎత్తి టార్చ్ వేస్తే, బేసిన్ ఓవర్‌ఫ్లో పైపు మూతి కనిపించింది, అందులోంచి కుళాయి పూర్తిగా తిప్పితే వచ్చేంత ధార చప్పుడు లేకుండా గోడకి ఆనుకుని జారుతోంది. ఫ్లోట్ వాల్వ్ సీటు రబ్బరు అరిగిపోయి పూర్తిగా మూసుకోవడం లేదు, నీటి మట్టం ఎప్పుడూ ఓవర్‌ఫ్లో అంచుకే ఆనుకుని ఉంటోంది. పైపు నేల కింద నుంచి నేరుగా డ్రెయిన్‌లోకి వెళ్తుంది కాబట్టి పైన నేలంతా పొడిగా ఉండేది. లెక్క దృష్టిలో అది కూడా బ్లోడౌనే, మనం పేరు పెట్టలేదంతే.

రబ్బరు మార్చిన మర్నాడు క్లోరైడ్ చూస్తే 180కి ఏదో పద్దెనిమిది ఎక్కువ. ఆపరేటర్ నా వైపు ఒక చూపు చూశాడు. సిస్టమ్‌లో 150 క్యూబిక్ మీటర్ల నీళ్లున్నాయి, బ్లోడౌన్ గంటకు రెండుంపావు, కొత్త అంకె స్థిరపడటానికి రోజులు పడుతుందని చెప్పాను. పది రోజులకి 238 వచ్చింది.