మిరప కల్లం పక్కనుంచి పోయే రైలు

మూడేళ్ళ కిందట ఎన్ స్కేల్ మోడల్ రైలు ఇంజన్ ఒకటి, నాలుగు పెట్టెలు, గుండ్రంగా తిరిగే ట్రాక్ సెట్ కొన్నా. రెండు నెలలు బల్ల మీద తిప్పి తిప్పి చూశా, రైలైతే బ్రహ్మాండంగా తిరుగుతోంది గానీ ఎక్కడికీ పోతున్నట్టు లేదు, చుట్టూ చేను లేదు చెట్టు లేదు. అప్పటి నుంచి నా ఆదివారాలన్నీ సీనరీకే పోతున్నాయి.

ఎన్ స్కేల్ అంటే 1:160, అసలు సైజులో నూట అరవయ్యో వంతు. మొదట్లో విజయవాడ కృష్ణ బ్రిడ్జి, పక్కనే ప్రకాశం బ్యారేజీ చేసేద్దామని చాలా ఆశగా ఉండేది, లెక్కేస్తే బ్యారేజీ పొడవు 1223 మీటర్లు, 160తో భాగిస్తే ఏడున్నర మీటర్ల పైమాటే, మా హాలే అంత లేదు. నా బల్ల నాలుగడుగులు, అసలు లెక్కలో అది 195 మీటర్లు. కాబట్టి ఒక చిన్న ముక్క చాలు అనుకున్నా. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ మీదుగా నడికుడి పోయే లైన్ ఉంది కదా, చిన్నప్పుడు నాయనమ్మ వాళ్ళ ఊరికి అందులోనే వెళ్ళేవాళ్ళం, ఫిబ్రవరి మార్చిలో కిటికీలోంచి చూస్తే ఎర్రగా మిరప కల్లాలు. అదే చేద్దామని కూర్చున్నా.

రైలు కట్టకి థర్మాకోల్ చెక్కి పైన పూత వేయాలి. బయట దొరికే ప్లాస్టర్ బదులు కొండపల్లి బొమ్మలకి వాడే మక్కు ప్రయత్నించా, అంటే చింతగింజల పొడి ఉడకబెట్టిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. తేలికగా ఉంటుంది, ఆరాక గట్టిగా ఉంటుంది. కాకపోతే నేను ఒకచోట మందంగా పెట్టేశా, రెండు రోజులకి అక్కడ పగుళ్ళొచ్చాయి, ప్రాణం ఉసూరుమంది. పుట్టీ పెట్టి పూడ్చబోతూ మళ్ళీ ఒకసారి చూశా, అచ్చం ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు విచ్చినట్టే ఉంది! అలాగే వదిలేసి, పైన ఫెవికాల్ నీళ్ళు రాసి, వాడేసిన టీ పొడి బాగా ఎండబెట్టి జల్లా. టీ పొడి మాత్రం పూర్తిగా ఎండాలండి, కొంచెం తడి ఉన్నా బూజు పట్టేస్తుంది.

ఇప్పుడు ట్రాక్ కింద కంకర. దీని మీద నేను నెల రోజులు పడి ఉన్నా. మన లైన్లలో పెద్ద కంకర రాయి 65 మిల్లీమీటర్లు ఉంటుంది, మన స్కేల్‌కి 0.4 మిల్లీమీటరు, అంటే సన్న ఇసుక రేణువు. కృష్ణ ఇసుక తెచ్చి కడిగి ఎండబెట్టి టీ వడపోసే జాలీలో జల్లెడ పట్టా. ఆ తర్వాత ఒక పని తప్పకుండా చేయాలి, కవర్లో మాగ్నెట్ చుట్టి ఇసుకలో తిప్పండి, నల్లటి పొడి బోలెడు అంటుకుంటుంది, అది ఇనుప ఖనిజం, తీయకుండా వదిలేస్తే ఇంజన్ మోటర్‌లోకి లాగేసుకుంటుంది, మోటర్‌లోనూ మాగ్నెట్ ఉంటుంది కదా. ఇసుక పొడిగానే పోసి మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకి సర్ది, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపిన నీళ్ళు స్ప్రే చేసి, అప్పుడు సగం నీళ్ళు సగం ఫెవికాల్ డ్రాపర్‌తో చుక్క చుక్క వదలాలి. ఆ సబ్బు చుక్క లేకపోతే ఫెవికాల్ పైనే ముత్యాల్లా నిలబడిపోయి ఇసుకని పక్కకి నెట్టేస్తుంది. పాయింట్ దగ్గర, అంటే రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళే చోట, నేను తొందరపడి ఒక చుక్క ఎక్కువ వేశా, పొద్దున్నకి కదిలే పట్టా అతుక్కుపోయింది, సూదితో గీకి గీకి విడదీసేసరికి ఒక పూట పట్టింది. అక్కడ డ్రాపర్ వద్దు, అగ్గిపుల్ల మొనతో రాయండి.

ఇంకో సంగతి, మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు, స్కేల్ ప్రకారం పదిన్నర రావాలి, కానీ ఎన్ ట్రాక్ 9 మిల్లీమీటర్లే, అది 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి చేసింది. ఆ తేడా నా కంటికి గుచ్చుకునేది. కంకరని అటూ ఇటూ కాస్త వెడల్పుగా పరిచాక కొంత సర్దుకుంది.

తాటిచెట్లకి కొబ్బరి చీపురు పుల్లని మించింది లేదు, పైకి పోయేకొద్దీ దానంతట అదే సన్నబడుతుంది. తొమ్మిది సెంటీమీటర్లకి కోస్తే పద్నాలుగు మీటర్ల పైన చెట్టు. ఆకులకి ఆఫీసులో పేపర్ పంచ్ చేస్తే పడే గుండ్రటి ముక్కలు, అంచు కత్తెరతో చీల్చి మధ్యకి మడిస్తే తాటాకే. నాలుగు చెట్లు చేసి మురిసిపోతూ నాయనమ్మకి చూపించా. "ఏరా, అన్నీ పచ్చగా నిక్కబొడుచుకుని ఉన్నాయేంట్రా, ఎండు మట్టలు కిందకి వేలాడొద్దూ" అంది. నిజమే కదా! ఒక్కో చెట్టుకి మూడు గోధుమరంగు ముక్కలు కిందకి వంచి అతికించా, అప్పుడొచ్చింది వాటికి కళ. విదేశీ గడ్డి షీట్ కూడా ఒకటి కొన్నాను గానీ ఆ పచ్చదనం మాఘమాసంలో మన దగ్గర ఎక్కడుంటుంది, తీసి పక్కన పెట్టేశా.

చివరికి కల్లం. మొదట ఇంట్లో కారమే జల్లా, గుంటూరు వాడిని, ఇంకేం జల్లుతా. ఫెవికాల్ తడికి నల్లబడింది, నెల తిరిగేసరికి వెలిసి ఇటుకపొడిలా అయింది. మళ్ళీ గీకేసి, సన్నగా జల్లించిన రంపపు పొట్టుకి పోస్టర్ కలర్ రెండు రకాలుగా పట్టించా, కొత్తగా పోసినవి నిగనిగలాడే ఎరుపు, పది రోజులు ఎండినవి ముదురు ఎరుపు. పక్కన పాలిపోయిన పసుపు తెలుపులో చిన్న కుప్ప, అవి తాలు కాయలు. అవి ఏరుతూ ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరు నాలుగైదు మిల్లీమీటర్లు, మడత పెట్టిన నీలం పట్టా, నాలుగు టిక్కీలు, అంటే మిరప బస్తాలు కూడా. తాలు కుప్ప పెట్టేదాకా అది ఎర్రటి మచ్చలాగే ఉందండి, అది పెట్టగానే కల్లమైపోయింది.

మొన్న నాయనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చాలాసేపు చూసింది. "బాగానే ఉంది గానీ నాన్నా, వీళ్ళకి మంచినీళ్ళ కుండ ఏదీ?" అంది.

ఆవగింజ రెండు మిల్లీమీటర్లు. 160తో హెచ్చిస్తే 32 సెంటీమీటర్లు, సరిగ్గా కుండ. వేపచెట్టు నీడలో పెట్టా, మూతికి ఎర్రమట్టి రంగు ఒక్క చుక్క.